ఒకే పాలు, నాలుగు గిన్నెలు

సొంతంగా వెబ్ పని నేర్చుకున్నవారికి తార్నాక నుంచి కొన్ని చిట్కాలు

పొద్దున్నే ఉస్మానియా క్యాంపస్‌లో నడకకు వెళ్తాను. ఆర్ట్స్ కాలేజీ ముందు, ల్యాండ్‌స్కేప్ గార్డెన్ వైపు, చెట్ల కింద గ్రూప్స్ పరీక్షల పుస్తకాలు ముందేసుకుని కూర్చునే పిల్లలు ఎప్పుడూ ఉండేవాళ్ళే. ఈ మధ్య వాళ్ళ పక్కన ల్యాప్‌టాప్ ఒళ్ళో పెట్టుకున్నవాళ్ళూ కనిపిస్తున్నారు. అందరూ కంప్యూటర్ చదువు చదివినవాళ్ళు కారు. హిస్టరీ, జువాలజీ, కామర్స్, తెలుగు. వీడియోలు చూసి, ఫ్రీకోడ్‌క్యాంప్ లాంటి ఉచిత పాఠాలు చదివి హెచ్‌టీఎంఎల్, సీఎస్ఎస్, జావాస్క్రిప్ట్ నేర్చుకున్నవాళ్ళు. నేనూ ఎమ్మే తెలుగు చదువుతూ, రాత్రి పదకొండు దాటాక రూమ్మేట్ ల్యాప్‌టాప్ అడిగి తీసుకుని, ఇలాగే నేర్చుకున్నాను. ఇప్పుడు తార్నాకలో అద్దె ఇంటి ముందుగదిలో కూర్చుని ఆ పనితోనే ఇల్లు నడుపుతున్నాను.

వాళ్ళు నన్ను అడిగే మాట దాదాపు ఒకటే. "అక్కా, ఒక్క సంపాదన మీద ఉంటే భయమైతుంది. నాలుగు దిక్కుల నుంచి పైసలొచ్చేటట్టు ఎట్ల చేసుకోవాలె?"

మా అమ్మమ్మకు ఉన్నది ఒకటే గేదె. పాలు కొన్ని వాడుకకు పోసేది. మిగిలినవి తోడుపెడితే పెరుగు, చిలికితే వెన్న, మజ్జిగ, వెన్న కాస్తే నెయ్యి. గేదె వట్టిపోయిన నెలల్లో నెయ్యి డబ్బానే ఇంటిని ఆదుకునేది. నా దగ్గరికి వచ్చే పిల్లల్లో చాలామంది నాలుగు గేదెల్ని కొంటున్నారు. పొద్దున ఫ్రీలాన్సింగ్, మధ్యాహ్నం యూట్యూబ్, సాయంత్రం షేర్లు, రాత్రి ఆన్‌లైన్ అమ్మకాలు. దేనికీ గడ్డి చాలదు. ఒక పని నుంచి రెండో ఆదాయం, రెండోదాన్నుంచి మూడోది తీయాలి. కింద రాసినవన్నీ ఆ దారిలోవే. కొన్ని డబ్బు పోగొట్టుకుని నేర్చుకున్నవి.

1. ముందు ఇంటి ఖర్చు కాగితం మీద రాయండి

అద్దె, పాలు, కూరగాయలు, గ్యాస్, కరెంటు, ఇంటర్నెట్, ఊళ్ళో అమ్మానాన్నలకు పంపేది, ఈఎంఐ. ఆ మొత్తం కిందే "నా నెల" అని రాసి గుండ్రం చుట్టండి. మొదటి ఆదాయం ఆ అంకెను అందుకోవాలి. అది అందేదాకా రెండోదాని జోలికి పోవద్దు. ఉద్యోగం చేస్తూ ఈ పని మొదలుపెట్టినవాళ్ళు ఆరు నెలల ఖర్చు విడిగా బ్యాంకులో పడ్డాకే రాజీనామా రాయండి.

2. మొదటి గిన్నె ఏఎంసీ (ఏడాది నిర్వహణ ఒప్పందం)

సైట్ కట్టి ఇచ్చి, డబ్బు తీసుకుని, దండం పెట్టి వచ్చేయడం అందరూ చేసే తప్పు. మూడేళ్ళు నేనూ చేశాను. కట్టిన ప్రతి సైట్‌తో మన పని సున్నాకి వచ్చేది, మర్నాటి నుంచి మళ్ళీ కొత్తవాళ్ళ కోసం వెతుకులాట.

ఒకసారి ఒక హాస్టల్ యజమాని దగ్గర నెలవారీ డబ్బు మాట ఎత్తాను. ఆయన ఆశ్చర్యపోయాడు. "సైట్ అయిపోయింది గదమ్మా, మళ్ల నెలనెలా పైసలెందుకు?"

"లిఫ్ట్ పెట్టించారు కదన్నా. దానికి ఏఎంసీ ఎందుకు కడుతున్నారు?"

"అది ఆగిపోతది గద!"

"ఇది కూడా ఆగిపోతుందన్నా. ఆగిపోయిన రోజు పిల్లల అమ్మానాన్నలు ఫోన్ చేసి చెప్పేదాకా మీకు తెలియదు."

ఆయన ఆ రోజే ఒప్పుకున్నాడు. అప్పట్నుంచి నేను మెయింటెనెన్స్ అనే మాట వాడను, ఏఎంసీ అంటాను. నీళ్ళ ఫిల్టర్‌కీ ఏసీకీ ఇన్వర్టర్‌కీ అలవాటైన మాట అది, కొత్తగా వివరించే పనిలేదు.

ఏఎంసీలో ఏముంటుందో ఒక పేజీలో రాసివ్వండి. డొమైన్, హోస్టింగ్ గడువులు చూడటం, ఎస్ఎస్ఎల్ సర్టిఫికెట్ ఆగకుండా చూడటం, వారానికోసారి బ్యాకప్, వర్డ్‌ప్రెస్, ప్లగిన్ల అప్‌డేట్లు, నెలకు రెండు గంటల మార్పులు. ఆ రెండు గంటల మాట తప్పకుండా ఉండాలి. లేకపోతే బతుకమ్మకు ఒక బ్యానర్, దసరాకు ఒకటి, ఆయన మనవడి పుట్టినరోజుకు ఇంకొకటి అడుగుతారు, కాదనలేం. బ్యాకప్ తీయడంతో సరిపోదు. మూడు నెలలకోసారి దాన్ని వేరేచోట తెరిచి సైట్ లేస్తోందో లేదో చూడాలి. తెరవని బ్యాకప్‌ను నమ్మి నేనొకసారి రెండు రాత్రులు నిద్ర మానుకున్నాను.

ఉదాహరణకు నెలకు 1,500 చొప్పున పదిమంది ఉంటే 15,000. తార్నాకలో చిన్న ఇంటి అద్దె భారం దానితో చాలావరకు తీరుతుంది.

ఏడాది మొత్తం ఒకేసారి తీసుకునేట్టయితే వసూలు చేసే నెల కూడా చూసుకోవాలి. హాస్టళ్ళకు కొత్త పిల్లలు చేరే జూన్, జులైలో చేతిలో డబ్బు ఆడుతుంది. కోచింగ్ సెంటర్లకు నోటిఫికేషన్ పడ్డ నెల. ఫంక్షన్ హాల్ వాళ్ళను మాఘంలోనో శ్రావణంలోనో అడగండి, ఆషాఢంలో మాత్రం అడగొద్దు.

3. డొమైన్ క్లయింట్ పేరు మీదే ఉండాలి

మన కార్డుతో కొన్నా సరే, రిజిస్ట్రేషన్ ఆయన పేరుతో, ఆయన ఈమెయిల్‌తో చేయించండి. డొమైన్ తన దగ్గర అట్టిపెట్టుకుని క్లయింట్‌ను కదలనివ్వనివాళ్ళు ఈ ఊళ్ళో ఉన్నారు. వాళ్ళ చేతిలో చిక్కి నా దగ్గరికి వచ్చినవాళ్ళ ముఖాలు చూశాను. తాళంచెవి ఇచ్చేసినా ఏడాదేడాది మన దగ్గరికే వచ్చేవాడే నిజమైన ఏఎంసీ క్లయింట్.

4. హైటెక్ సిటీ కంటే ముందు మన వీధులు నడవండి

2017 నవంబరులో నాగోల్ నుంచి మెట్రో మొదలయ్యాక తార్నాకలో ఎక్కితే బండి మారకుండా అమీర్‌పేటలో దిగొచ్చు. అదే లైన్ ఇప్పుడు హైటెక్ సిటీ మీదుగా రాయదుర్గం దాకా పోతోంది. అందుకే అందరి చూపూ పడమటికే. కానీ మొదటి పది మంది క్లయింట్లు అటు దొరకరు.

తార్నాక చౌరస్తా నుంచి ఎటు వెళ్ళినా రెండు కిలోమీటర్లలో ఏముందో చూడండి. ఒకవైపు యూనివర్సిటీ, దానికి ఆనుకుని ఇఫ్లూ. ఇంకోవైపు ఐఐసీటీ, జాతీయ పోషకాహార సంస్థ. హబ్సిగూడ దాకా వెళ్తే సీసీఎంబీ, ఎన్‌జీఆర్ఐ. ఒకే దారి వెంట ఇన్ని పరిశోధన సంస్థలు ఉన్న పేటలు దేశంలో తక్కువ. ఆ సంస్థలు మనకు టెండర్లు ఇస్తాయని కాదు. అక్కడి రీసెర్చ్ స్కాలర్లకు సొంత పేజీ కావాలి, సర్వే ఫారం కావాలి, కొలతల పట్టికను గ్రాఫ్‌గా చూపే చిన్న పేజీ కావాలి. ఒక్కొక్కరు ఇచ్చేది తక్కువే. కానీ స్కాలర్ ఊరు మారినా, దేశం మారినా మన నంబర్ పట్టుకుపోతారు. నా మొదటి విదేశీ పని అలా వచ్చిందే.

నాచారం, మల్లాపూర్ పారిశ్రామికవాడలు నాకు ఇంకా ఇష్టం. అక్కడి చిన్న ఫ్యాక్టరీల్లో సరుకు బాగుంటుంది, సైట్ మాత్రం పదేళ్ళనాటిది. ఫోన్లో తెరిస్తే అక్షరాలు చీమల్లా కనిపిస్తాయి. కొనేవాళ్ళకు యజమానులు ఇప్పటికీ వాట్సాప్‌లో పీడీఎఫ్ పంపుతుంటారు. ఆ పీడీఎఫ్‌ను కేటలాగ్‌గా మార్చి, ప్రతి వస్తువు కింద "రేటు అడగండి" అనే బటన్ పెట్టండి. నెల తిరక్కుండా దాని విలువ ఆయనకే తెలుస్తుంది. పక్క షెడ్డు ఆయన దగ్గరికి మనల్ని తీసుకెళ్ళేది కూడా ఆయనే.

5. తెలుగు మన చేతిలో ఉన్న పెట్టుబడి

దీని గురించి కొంచెం ఎక్కువ రాస్తాను, ఎవరూ పట్టించుకోని పని కాబట్టి.

హైదరాబాద్ ప్రచురణకర్తల దగ్గర, పత్రికల దగ్గర, యూనివర్సిటీల్లో సిద్ధాంత గ్రంథాలు రాసినవాళ్ళ దగ్గర ఏళ్ళ తరబడి పోగైన ఫైళ్ళు పేజ్‌మేకర్‌లో, అను ఫాంట్లలో ఉన్నాయి. ఆ ఫాంట్లలో తెలుగు అక్షరం తెరమీద బొమ్మగా మాత్రమే తెలుగు. లోపల దాచుకున్నది రోమన్ అక్షరాల సంకేతమే. కాపీ చేసి ఇంకోచోట అతికిస్తే అర్థంలేని ఇంగ్లిష్ అక్షరాలు పడతాయి. గూగుల్‌లో వెతికితే దొరకదు, ఫోన్లో చదవలేం, అంధులు వాడే రీడర్ చదివి వినిపించలేదు. 1991లోనే మొదటి యూనికోడ్ ప్రమాణంలో తెలుగుకు చోటు దక్కినా మన పుస్తకాలు చాలావరకు ఇంకా బయటే ఉన్నాయి.

వాటిని యూనికోడ్‌లోకి మార్చే కన్వర్టర్లు ఉన్నాయి. వాటిలో వేయగానే పని అయిపోతుందనుకోవద్దు. వత్తులు తారుమారవుతాయి, అరసున్న మాయమవుతుంది, కొటేషన్ గుర్తులు అక్షరాలవుతాయి. ఒక్కో ఫాంటుకు ఒక్కో రకం తప్పు. ఏ తప్పు ఎక్కడ వస్తుందో రాసిపెట్టుకుని దాన్ని సరిదిద్దే చిన్న స్క్రిప్ట్ రాసుకుంటే మొదటి పుస్తకానికి పట్టిన సమయంలో సగమే రెండోదానికి పడుతుంది. చివరి ప్రూఫ్ మాత్రం మనిషి కన్నుతోనే. తెలుగు చదివి, కోడ్ కూడా తెలిసిన మనిషికి పేజీకి ఇంత అని అడిగే హక్కు ఉంది.

తెలుగు సైట్లు కట్టేటప్పుడు కూడా ఈ తెలివి పనికొస్తుంది. ఇంగ్లిష్‌కు సరిపోయే వరుసల ఎడం తెలుగుకు చాలదు. పైన గుడి, కింద వత్తు ఒకదానికొకటి తగులుతాయి. లైన్ హైట్ 1.7 దగ్గర పెట్టి చూడండి. బటన్ ఎత్తు బిగించేస్తే వత్తులు కింద తెగిపోతాయి. "స్త్రీ" కంటికి ఒకటే అక్షరం, కంప్యూటర్ లెక్కలో ఆరు. పేరు గడిలో ఇరవై అక్షరాలు చాలనుకుని హద్దు పెడితే తెలుగు పేరు నడిమధ్యలో విరుగుతుంది. "సాఫ్ట్‌వేర్" అన్న మాటలో ట్ తర్వాత కంటికి కనపడని విడదీత గుర్తు ఒకటి ఉంటుంది. టైప్ చేసినవాళ్ళు కొందరు దాన్ని పెడతారు, కొందరు పెట్టరు. సైట్‌లోని వెతుకు పెట్టె ఆ గుర్తును తీసేసి పోల్చకపోతే ఒకే మాట రెండు మాటలుగా మిగిలిపోతుంది, సరుకు ఉండి కూడా "దొరకలేదు" అని చెబుతుంది. తెలుగులో కొనేవాళ్ళున్న ఏ దుకాణం సైట్‌నైనా తీసుకుని ఈ నాలుగూ పరీక్షించి, ఒక పేజీ నివేదిక రాసి యజమానికి చూపించండి. పని అడగక్కర్లేదు, ఆయనే ఇస్తాడు.

6. మూడుసార్లు చేసిన పనిని నాలుగోసారి చేయొద్దు, అమ్మండి

హాస్టల్ గదుల ఖాళీలు చూపే పేజీ ముగ్గురికి విడివిడిగా కట్టాక నాకు బుద్ధి వచ్చింది. దాన్నే కాస్త సవరించి, పేరు, ఫొటోలు, రేట్లు మార్చుకునేలా చేశాను. నాలుగో ఆయనకు మూడు రోజుల్లో ఇచ్చాను. ధర కొంచెం తగ్గించాను, నా గంటలు బాగా తగ్గాయి. ఇదే వెన్న. ప్రొడక్ట్ అనగానే పెద్ద కంపెనీని ఊహించుకుని భయపడతారు గానీ, మనం మూడుసార్లు చేసిన పనే దానికి మొదటి రూపం.

దీనికి నేను ఎప్పుడూ చెప్పే పెద్ద ఉదాహరణ రెడ్‌బస్. నిజామాబాద్ జిల్లాకు చెందిన ఫణీంద్ర సామ బెంగళూరులో ఉద్యోగం చేస్తూ 2005 దీపావళికి ఇంటికి రావడానికి బస్సు టికెట్ దొరక్క ఆగిపోయారు. మరుసటి ఏడాది సుధాకర్ పసుపునూరి, చరణ్ పద్మరాజులతో కలిసి రెడ్‌బస్ మొదలుపెట్టారు. ముగ్గురూ ఎలక్ట్రానిక్స్ వైపు నుంచి వచ్చినవాళ్ళే. వెబ్ ప్రోగ్రామింగ్‌ను పుస్తకాలు తెచ్చుకుని నేర్చుకున్నారు. అందరికీ తెలిసింది ప్రయాణికులకు టికెట్లు అమ్మే సైట్. దాని వెనక ఇంకో రెండు గిన్నెలున్నాయి. బస్సు యజమానులు తమ సీట్లు, సర్వీసులు చూసుకునే సాఫ్ట్‌వేర్ ఒకటి, ట్రావెల్ ఏజెంట్లు అన్ని కంపెనీల సీట్లూ ఒకేచోట అమ్ముకునే సీట్‌సెల్లర్ ఇంకొకటి. ఏ బస్సులో ఏ సీటు ఖాళీ అన్న ఒక్క సమాచారం, కొనేవాళ్ళు మూడు రకాలు. 2013లో ఐబీబో గ్రూపు రెడ్‌బస్‌ను కొనుక్కుంది.

మనది అంత పెద్దది కానక్కర్లేదు. హాస్టల్ పేజీ యజమానికి ఒక రకంగా, గది వెతుక్కునే విద్యార్థికి ఇంకో రకంగా పనికొస్తుందా అని ఒక సాయంత్రం కూర్చుని ఆలోచిస్తే చాలు.

7. నేర్పండి, కానీ తెలుగులో

ఉస్మానియా 1918లో ఉర్దూ మాధ్యమంలో మొదలైంది. ఉన్నత విద్య ఇంగ్లిష్‌లోనే సాధ్యమని అందరూ అనుకునే రోజుల్లో, అంతకు ఏడాది ముందే అనువాద విభాగం పెట్టి, సైన్సు పుస్తకాలు తర్జుమా చేయించి, కొత్త పదాలు పుట్టించారు. ఇంజనీరింగ్, వైద్యం కూడా ఆ భాషలోనే చెప్పారు. 1939లో ప్రారంభమైన ఆర్ట్స్ కాలేజీ భవనం ముందు నిలబడినప్పుడల్లా నాకు ఆ గులాబీ రాళ్ళకంటే ఆ అనువాదకుల శ్రమే ముందు గుర్తొస్తుంది. ఒక తరం నేర్చుకోవాలంటే ముందు దానికి అర్థమయ్యే మాటల్లో చెప్పాలి అన్నది ఈ నేల మీద ఒకసారి రుజువైన సంగతి.

అమీర్‌పేట మైత్రీవనం చుట్టూ కోర్సులు నేర్పే సంస్థలకు లెక్కలేదు. వాటితో పోటీ పడొద్దు. ఊళ్ళో డిగ్రీ తెలుగు మీడియంలో చదివి, "ఫంక్షన్", "వేరియబుల్" దగ్గరే ఆగిపోయినవాళ్ళు ఉంటారు. ఆరుగురిని పోగుచేసి ఆదివారం మన ముందుగదిలోనే చెప్పండి. వేరియబుల్‌ను పేరు రాసి అతికించిన డబ్బా అని, ఫంక్షన్‌ను గ్రైండర్ అని చెప్తే ఏ అమ్మాయికీ రెండోసారి చెప్పే పని పడలేదు నాకు. ఒకటే గ్రైండర్, పప్పు వేస్తే పప్పు రుబ్బుతుంది, కొబ్బరి వేస్తే కొబ్బరి.

యూట్యూబ్ పెడితే మంచిదే, ప్రకటనల డబ్బు కోసం మాత్రం పెట్టొద్దు. వెయ్యిమంది సబ్‌స్క్రైబర్లు, మామూలు వీడియోలకైతే ఏడాదిలో నాలుగు వేల గంటల వీక్షణ దాటాకే ప్రకటనల్లో వాటా మొదలవుతుంది. నా ఛానల్ నుంచి నేరుగా వచ్చింది కొంచెమే. దాన్ని చూసి ఏఎంసీకి వచ్చినవాళ్ళు ఐదుగురు. ఆ ఐదుగురి కోసమే వీడియోలు చేస్తున్నాను.

8. విదేశీ పని మూడో వంతు దాటనివ్వొద్దు

ఫైవర్ లాంటి చోట మన సంపాదనలో 20 శాతం వాళ్ళే తీసుకుంటారు. మొదట్లో ఇవ్వక తప్పదు. ధర నిర్ణయించేటప్పుడే అది కలుపుకోండి. అంతకంటే మంచి దారి మనవాళ్ళు. అమెరికాలో కూచిపూడి నేర్పే టీచరు, కేటరింగ్ చేసే ఆవిడ, రెండేళ్ళకోసారి మహాసభలు జరిపే తెలుగు సంఘాలు. వాళ్ళకు తెలుగు తెలిసిన వెబ్ మనిషి అక్కడ దొరకడం కష్టం. వేసవిలో న్యూజెర్సీలో రాత్రి తొమ్మిదైతే మనకు మర్నాడు పొద్దున ఆరున్నర. పాలు పొంగేలోపు మాట్లాడుకోవచ్చు.

డబ్బు వచ్చినప్పుడు బ్యాంకు పర్పస్ కోడ్ అడుగుతుంది. సాఫ్ట్‌వేర్ కన్సల్టెన్సీకి అది పీ0802. బ్యాంకు ఇచ్చే విదేశీ జమ పత్రాన్ని ప్రతిసారీ దాచండి.

డాలరు తీపిగా ఉంటుంది. అయినా ఒక్క విదేశీ క్లయింట్ మన మొత్తంలో సగం అయిన రోజు నుంచి మనం మళ్ళీ ఒక్క సంపాదన మీదే ఉన్నట్టు. అందుకే మూడో వంతు దగ్గరే ఆపమంటున్నాను. 

9. నోటిమాట వద్దు

ఒక కోచింగ్ సెంటర్‌కు నాలుగు నెలలు పనిచేశాను. కాగితం లేదు, అడ్వాన్స్ లేదు. పరీక్షలు వాయిదా పడ్డాయి, పిల్లలు ఖాళీ చేశారు, ఆయన ఫోన్ ఎత్తడం మానేశాడు. అప్పుడు నా దగ్గర చూపించడానికి వాట్సాప్ మెసేజ్‌లు తప్ప ఏమీ లేవు. ఆ నెల అద్దె మా తమ్ముడు కట్టాడు.

అప్పట్నుంచి సగం డబ్బు చేతికందాకే మొదటి ఫైలు తెరుస్తాను. మిగిలింది సైట్ అసలు డొమైన్ మీదికి ఎక్కించే ముందు.

చిన్న సంస్థలకు ప్రభుత్వం చేసే ఉద్యం నమోదును పని మొదలుపెట్టకముందే చేయించుకోండి. ఆధార్‌తో ఆన్‌లైన్‌లో అవుతుంది, రుసుము లేదు. ఎవరైనా డబ్బు అడిగితే ఇవ్వకండి. 2006 ఎంఎస్ఎంఈ చట్టం ప్రకారం చిన్న సంస్థ దగ్గర సేవ కొన్నవాళ్ళు ఒప్పందం ఉన్నా 45 రోజులు దాటనివ్వకుండా చెల్లించాలి. దాటితే రిజర్వు బ్యాంకు బ్యాంక్ రేటుకు మూడింతలు, నెలనెలా చక్రవడ్డీ. ఇన్‌వాయిస్ కింద మీ ఉద్యం నంబరు, ఈ 45 రోజుల మాట ఒక వరుసలో రాయండి. ఫిర్యాదు దాకా వెళ్ళకుండానే చాలామంది కట్టేస్తారు.

కోడ్ ఎవరిదన్న సంగతి కూడా రాసుకోవాలి. మన కాపీరైట్ చట్టంలో కంప్యూటర్ ప్రోగ్రామ్ సాహిత్య రచన కిందికి వస్తుంది. ఉద్యోగిగా కాక బయటి మనిషిగా రాసిన కోడ్‌కు రాసినవాళ్ళే మొదటి హక్కుదారులు, సంతకం చేసి రాసిస్తే తప్ప. అలా రాసిచ్చిన కాగితంలో ఎన్నేళ్ళకో రాయకపోతే ఐదేళ్ళని, ఎక్కడెక్కడో రాయకపోతే భారతదేశం వరకేనని చట్టం అనుకుంటుంది. క్లయింట్‌కు ఆయన సైట్ పూర్తిగా రాసివ్వండి. మీరు అందరికీ వాడే సొంత ముక్కలు మాత్రం మీవేనని, ఆయనకు వాడుకునే హక్కు ఉందని ఒక వాక్యం చేర్చండి. ఆరో చిట్కాలో చెప్పిన వెన్న నిలిచేది ఆ వాక్యం మీదే.

10. పన్ను డబ్బు మీది కాదు

వచ్చిన ప్రతి రూపాయిలో పది పైసలు వచ్చిన రోజే వేరే ఖాతాలో వేయండి. క్లయింట్ టీడీఎస్ పట్టుకుంటే అది మీ పాన్ మీద పడిందో లేదో మూడు నెలలకోసారి పోర్టల్‌లో చూసుకోండి. ఏడాది రాబడి, అన్ని గిన్నెలవీ కలిపి, 20 లక్షలు దాటితే సేవలకు జీఎస్టీ నమోదు తప్పదు. మన పనికి రేటు 18 శాతం. ముందుగా చెప్పకుండా ఆ 18 శాతం అడిగితే పాత క్లయింట్ మొహం మారిపోతుంది. అందుకే 15 లక్షలు దాటగానే కొటేషన్లలో "జీఎస్టీ వర్తిస్తే అదనం" అని రాయడం మొదలుపెట్టండి. మిగతా వివరాలకు ఏడాదికోసారి సీఏకి ఫీజు ఇచ్చి కూర్చోండి. ఆ ఫీజు దగ్గర పొదుపు చేయొద్దు.

11. ఏఐ కట్టే సైట్లు చూసి బెంబేలెత్తొద్దు

ఐదు పేజీల మామూలు సైట్ ధర పడిపోయింది, ఇంకా పడుతుంది. దాని మీద బతకాలనుకుంటే కష్టమే. నేను కూడా మొదటి చిత్తు ఏఐతోనే రాయిస్తాను, తర్వాత వరుస వరుసా చదువుతాను. సైట్ పడిపోయిన రాత్రి ఫోన్ ఎత్తేది, వత్తు తెగిందని గుర్తుపట్టేది, నాచారంలో షెడ్డులోకి వెళ్ళి సరుకు చూసి వివరం రాసేది ఇప్పటికీ మనిషే. ధర వాటికి వేయండి.

12. వారానికి ఒకరోజు కొత్త గిన్నెకు

సోమవారం నుంచి గురువారం దాకా క్లయింట్ల పని. శుక్రవారం పూర్తిగా మన సొంత పేజీకి, పాఠానికి, అను ఫైళ్ళకు. ఆ రోజు ఫోన్ ఎత్తనని ఏఎంసీ కాగితంలోనే రాస్తాను, సైట్ పడిపోతే తప్ప. కొత్త ఆదాయానికి ఆరు నెలల గడువు ఇవ్వండి. ఆరు నెలల్లో రూపాయి కూడా రాకపోతే ఆపేయండి. ఇద్దరు ఉచితంగా వాడుతూ మెచ్చుకుంటున్నారు కదా అని లాగొద్దు. నేనలా ఒక వంటల సైట్‌ను రెండేళ్ళు లాగాను.

13. ఇంట్లో ఒకరికి తెలిసి ఉండాలి

కిందటి వానాకాలం నాకు డెంగీ వచ్చి పది రోజులు మంచం దిగలేదు. మూడోరోజు ఒక డయాగ్నొస్టిక్ సెంటర్ వాళ్ళ డొమైన్ గడువు. పోర్టల్ పేరు, తేదీ, ఎవరికి ఫోన్ చేయాలో అన్నీ నా బుర్రలోనే ఉన్నాయి. జ్వరంలో చెబుతుంటే మా ఆయన ఒక్కొక్కటే నొక్కి ఎలాగో పూర్తిచేశారు.

ఆ తర్వాత వంద పేజీల నోటుబుక్కు కొన్నాను. ప్రతి క్లయింట్‌కు ఒక పేజీ. డొమైన్ ఎక్కడ కొన్నాం, గడువు ఎప్పుడు, హోస్టింగ్ ఎక్కడ, బ్యాకప్ ఎక్కడ, ఏఎంసీ ఎంత, ఎప్పుడు వసూలు, ఎవరితో మాట్లాడాలి. పాస్‌వర్డ్‌లు అందులో లేవు. అవి పాస్‌వర్డ్ మేనేజర్లో ఉన్నాయి, దాని తాళం మాట మా ఆయనకు తెలుసు. వెనక అట్ట లోపల పన్నెండు నెలలకు పన్నెండు గళ్ళు గీసి, ఏ నెలలో ఎవరి దగ్గర నుంచి ఎంత రావాలో రాశాను. ఖాళీగా కనిపించిన గడులు మార్చి, ఆషాఢం పడే జులై. ఈ ఏడాది ఆదివారం పాఠాల ఫీజు ఆ రెండు నెలల్లో పడేట్టు పెట్టుకున్నాను.

ఆ నోటుబుక్కు వంటింట్లో పోపులడబ్బా పక్కన ఉంటుంది.